ధన్యవాదాల దగ్గర ఆగిపోయిన ప్రోగ్రాం

మా బావది పెద్ద మనసు. తన సైజింగ్ కార్ఖానాకు వెబ్‌సైటు కావాలని తోచిన రోజున, బొంబాయి నుంచి ఇంజినీరును రప్పించే శ్రమ పెట్టుకోకుండా, ఇంట్లో ఖాళీగా ఉన్న మరదలికే ఆ భాగ్యం ప్రసాదించాడు. ఖాళీ అంటే, తెల్లవారకముందే లేచి నీళ్లు పట్టి, దీపం పెట్టి, ఎనిమిది మందికి రొట్టెలు కాల్చి, రెండు బుట్టల కండెలు చుట్టిన తర్వాత మిగిలే ఖాళీ. ఆ భాగ్యానికి నేను నేటికీ కృతజ్ఞురాలినే.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. భివండిలో కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోతుందో కాకుండా ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టుకునే రోజులు. బావ మా అక్కను తీసుకుని కామత్‌ఘర్‌లోని మా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ చెప్పాడు.

"పక్క సైజింగోడు వెబ్‌సైటు పెట్టిండట. మనమేమన్న తక్కువనా? నువ్వెట్లయిన గా డబ్బా ముంగటనే కూసుంటవు గద. ఏదన్నొకటి చెయ్యి."

"ఏం చెయ్యాలె బావా?"

"గదే, ఆన్‌లైన్. సాంచాల సేట్లు ఇగ ఫోన్లు చేసుడు బంద్. సైబర్ల కూసోని బటన్ ఒత్తితె నంబర్ పడాలె. కంప్యూటర్ ఏం చెప్తే గదే ఫైనల్."

భివండి తెలియనివాళ్ల కోసం చెప్తాను. సాంచా అంటే మరమగ్గం. దాని మీదికి ఎక్కే ముందు నిలువు పోగులన్నీ గంజిలో మునగాలి, వేడి డబ్బాల మీద ఆరాలి, లావుపాటి ఇనుప దూలానికి చుట్టుకోవాలి. ఆ పనే సైజింగ్. చుట్టుకున్నదే బీము. బీము లేని సాంచా నేలకు బోల్టులు వేసిన ఇనుము, అంతే. అందుకని సైజింగ్‌లో వరుస దొరకడం సాంచాలవాళ్లకు రేషన్ దుకాణంలో వంతు దొరకడం లాంటిది. బావ సైజింగ్‌లో మిషను ఒక్కటే. రోజుకు ఇన్ని వరుసలని ఉండేవి.

ఇంజినీరు కాని మరదలికి ఆ విద్య ఎట్లా వచ్చిందని అడిగేవారు అప్పుడూ ఉన్నారు. నేను బడి మెట్టు ఎక్కలేదు. చిన్నప్పుడు ఏటా జ్వరాలు. అన్నలు మరాఠీ బడికి పోతే నేను గడప దగ్గర కూర్చునేదాన్ని. నాన్న సాంచాల దగ్గర పని దిగి వచ్చి, చెవుల్లోని దూది కూడా తీయకుండా, బండ మీద సుద్దతో నాకు అక్షరాలు దిద్దించాడు. మార్కండేయ పురాణం నాకు మొదటి వాచకం, అన్నల పాత ఇంగ్లిషు పుస్తకాలు రెండోవి. బావ చీరల డిజైన్లు గీయించడానికి కొని, రెండు నెలల్లో విసిగిపోయి మా ఇంట్లో పడేసిన కంప్యూటర్ మూడోది. దానికి తోడుగా పాత కాగితాలు అమ్మే రద్దీ దుకాణంలో దొరికిన ఒక లావుపాటి పుస్తకం. అట్ట లేదు, ముందు ఇరవై పేజీలు లేవు, వెనక ఎన్ని పోయాయో తెలియదు. అందువల్ల పీహెచ్‌పీ అనే ఆ భాష ఎందుకు పుట్టిందో నాకు తెలియదు, ఇరవై ఒకటో పేజీ నుంచి అదేం చేస్తుందో మాత్రం తెలుసు. సందర్శకుడు పని మధ్యలో లేచి వెళ్లిపోతే ఏమవుతుందో చెప్పే అధ్యాయం ఆ వెనక పోయిన పేజీల్లో ఉండి ఉండాలి. ఏ పకోడీల పొట్లానికి పనికొచ్చిందో, వాళ్లకు మేలు జరగాలి.

మూడు నెలల్లో సైటు తయారైంది. బావ సైజింగ్ ఆఫీసులో కంప్యూటరుకు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. కాయ నీళ్లు కీబోర్డులో పడ్డాయి. శుభమే అన్నాడు.

ఆ ప్రోగ్రాం ఎట్లా పనిచేసేదో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన నా ఘనత అర్థం కాదు. సాంచాల మనిషి సైబర్ కేఫ్‌లో కూర్చుని, ఫలానా దారం, ఇన్ని బీములు అని నింపి బటన్ నొక్కుతాడు. అంటే సర్వర్‌ను ఒక కోరిక కోరినట్టు. రిక్వెస్ట్ అంటారు దాన్ని. ఎక్కడో అద్దెకు తీసుకున్న ఆ సర్వర్ నాలుగు పనులు చేస్తుంది. ఒకటి, ఖాళీగా ఉన్న వరుసను వేరెవరూ తీసుకోకుండా ఆ మనిషి పేరు మీద పట్టి ఉంచుతుంది. రెండు, అతని దారం గోదాముకు చేరిందా అని చూస్తుంది. మూడు, సైజింగ్ ఆఫీసులోని ప్రింటరుకు చీటీ పంపుతుంది. నాలుగు, వరుస ఖాయమని రాసి, పట్టిన పట్టు వదిలేస్తుంది. నా పనితనం వల్ల ఇదంతా జరగడానికి అర నిమిషం పైనే పట్టేది.

అర నిమిషం మనిషిని తెల్ల తెర ముందు కూర్చోబెట్టడం మర్యాద కాదు కదా. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లన్నా ఇవ్వకుండా ఉండలేను నేను. అందుకని ఒక్కో పని అయినప్పుడల్లా తెర మీద ఒక వాక్యం పంపించాను. "మీ వరుస పట్టుకున్నాం, ధన్యవాదాలు." "మీ దారం చూశాం, ధన్యవాదాలు." "మీ చీటీ పంపించాం, ధన్యవాదాలు." ఖాయమని రాయడం, పట్టు వదలడం ఆ మూడో ధన్యవాదం తర్వాత. ముందు కృతజ్ఞత, తర్వాత కాగితం పని. నన్ను అట్లాగే పెంచారు.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారంలో ఒకరోజు సైజింగ్‌కు వెళ్తే మిషను చల్లగా ఉంది. గంజి తొట్టి మీద గోనె తట్టు కప్పి ఉంది. మాస్టరు బెంచీ మీద కాళ్లు చాపుకుని చాయ్ తాగుతున్నాడు. అరవై ఏళ్ల మనిషి. గంజి ఉడికిందో లేదో చూపుడువేలితో చూసీ చూసీ ఆ వేలి మీద చర్మం మైనంలా నున్నగా అయిపోయింది. నేను మామా అని పిలిచేదాన్ని.

"ఏంది మామా, మిషన్ బందున్నది?"

"ఫుల్ బిజీ బిడ్డా. నీ కంప్యూటర్ల సూడు, సోమారం దాంక నాకు సందే లేదు. అందుకే జర నడుము వాలుస్తున్న."

తెర మీద చూశాను. నిజమే. వరుసలన్నీ ఎవరో ఒకరు పట్టుకునే ఉన్నారు. చీటీలు మాత్రం ఎవరివీ లేవు. బయట సాంచాలవాళ్లు బీములు లేవని తిడుతున్నారు, లోపల మిషను పని లేదని నిద్రపోతోంది, మధ్యలో నా సైటు సినిమా హాలులా హౌస్‌ఫుల్ బోర్డు పెట్టుకుని నిలబడింది.

బావ వెంటనే కారణం కనిపెట్టాడు. పక్క సైజింగువాడు హ్యాకర్లను పెట్టించాడు. మానిటరుకు నిమ్మకాయ, ఏడు మిరపకాయలు కట్టించాడు. నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. అయినా ఆ మిరపకాయలు డేటాబేసు దాకా వెళ్లగలవని నాకు అనిపించలేదు. రోజూ పొద్దున్నే కూర్చుని, చిక్కుకుపోయిన వరుసలను ఒక్కొక్కటిగా చేత్తో విడిపించేదాన్ని. మధ్యాహ్నానికి మళ్లీ చిక్కుకునేవి.

సోమవారం నాడు మా మేనత్త వచ్చింది. గైబీ నగర్‌లో కిరాయికి తీసుకున్న నాలుగు సాంచాలు నడిపేది. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మామయ్య మంచం పట్టాక, సేటు, పని చూసే ముకద్దం, గుమాస్తా అన్నీ తానే. సాంచాల మీద ఒకే ఒక్క పనివాడు. ఊళ్లో గుంట భూమి లేక, పెళ్లాంబిడ్డలతో వచ్చిన మనిషి. నేసిన మీటరుకు ఇంతని కూలి. గుడ్డ దిగకపోతే ఏమీ లేదు.

అత్త చెప్పులు కూడా విడవకుండా గడపలోనే మొదలుపెట్టింది.

"ఏమే సరస్వతీ దేవీ, నాకేం పాపం తగిలిందే? రెండు సాంచాలు ఖాళీ పడ్డయి. ఉన్న రెండు బేస్తారం దాంక ఆడుతయి. నీ సైటుల నంబర్ పెట్టవోతే, ఆల్రెడీ నీ పేరు మీద వరుస పట్టుకున్నరు, జర ఆగుండ్రి అంటది. నేనెప్పుడు పట్టుకున్ననే?"

"నువ్వే పట్టుకున్నవు అత్తా. బటన్ ఒత్తి ఉంటవు."

"ఒత్తిన. ఒత్తినంక దారం నంబర్ తప్పు పడ్డదని యాదికొచ్చి, గా ఎర్ర ఇంటూ ఉంటది సూడు, గది ఒత్తి బంద్ చేసిన. బంద్ చేసినంక ఇంకా నేనెట్ల పట్టుకోనుంట?"

చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు సైటు చేసినదానికే తెలియదు.

"మావోడు నిన్న చెప్పిండు," అత్త గొంతు తగ్గింది. "అక్కా, సాంచా ఆగితె నా పొయ్యి ఆగుతది, సుక్కురారం కాల్హేర్ పోయి గోదాములల్ల మాట్లాడుకుంట అన్నడు. ట్రక్కు లోడింగట. వాడు పోతే నాకు ఇంకోడు దొరకడు బిడ్డా. ఆడని సాంచాలను ఆసామి నా దగ్గర ఎందుకు ఉంచుతడు?"

భివండిలో సాంచాలకు శుక్రవారం సెలవు. పనివాళ్లు చోటు మారే మాటలన్నీ ఆ రోజే జరుగుతాయి. అంటే గురువారం లోపల అత్త బీములు గంజిలో మునగాలి. నాలుగు రోజులు.

ఆమె వెళ్లాక సైబర్ కేఫ్‌కు పోయి కూర్చున్నాను. ఇంట్లో కరెంటు లేదు, అక్కడ యూపీఎస్ ఉంది. నా సైటు తెరిచి, బటన్ నొక్కి, వెంటనే ఎర్ర గుర్తు నొక్కాను. ఇంకోసారి, రెండు క్షణాలు ఆగి. ఇంకోసారి, ఐదు క్షణాలు ఆగి. ప్రతిసారీ వరుస చిక్కుకుపోయింది. ప్రతిసారీ ఒకే రకమైన చోట. నా ప్రోగ్రాం ధన్యవాదాలు చెప్పబోతూ చచ్చిపోతోంది.

సంగతి ఇది. ఆ భాషలో, కోరిన మనిషి తెర మీది కిటికీ మూసి వెళ్లిపోయినా సర్వర్‌కు వెంటనే తెలియదు. తల వంచుకుని తన పని తాను చేసుకుంటూ పోతుంది. ఏదన్నా చెప్పడానికి నోరు తెరిచినప్పుడే, వినేవాళ్లు లేరని తెలుస్తుంది. తెలిసిన చోటే, ఎవరూ చెప్పకపోతే, ప్రాణం విడుస్తుంది. కింది వరుసల్లో ఎంత ముఖ్యమైన పని ఉన్నా సరే. నేను ప్రతి మెట్టు మీదా దాని చేత నోరు తెరిపించాను. నోరు మూసుకుని పని చేసే ప్రోగ్రాం అయి ఉంటే బతికేది. మర్యాదే మా కొంప ముంచింది.

నేను చూస్తుండగానే కేఫ్‌లో యూపీఎస్ కీచుకీచుమంది. కేఫ్ నడిపే ఆమె లేచి, "బంద్ కరో, బంద్ కరో, సబ్ బంద్ కరో!" అని అరిచింది. పది మందీ పది కిటికీలు టపటపా మూశారు. హ్యాకర్లు ఎవరో అప్పుడు తెలిసింది. కరెంటు పోయినప్పుడల్లా, భివండిలోని ప్రతి కేఫ్‌లో, నా ధన్యవాదాల మధ్యలో లేచి పోతున్న మా సాంచాలవాళ్లే.

ఇంత తెలిశాక నేను చేసిన పని వింటే ఎవరైనా మెచ్చుకుంటారు. అసలు జబ్బును ముట్టుకోలేదు. ఒక చీపురు రాశాను. గంటకోసారి దానంతట అదే లేచి, ఖాయం కాకుండా చిక్కుకున్న వరుసలన్నిటినీ ఊడ్చేసే చిన్న ప్రోగ్రాం. మంగళవారం పొద్దున అది ఊడ్చింది. సైటు కళకళలాడింది. అత్తకు ఫోన్ చేసి, బుధవారం పొద్దుటి వరుస పెట్టించాను. బావ మిరపకాయల మహిమ అన్నాడు. నేను కూడా దేవుడికి రెండు అగరొత్తులు ఎక్కువ వెలిగించాను.

బుధవారం పొద్దున అత్త టెంపోలో దారం వేయించుకుని సైజింగ్‌కు వచ్చింది. మిషను నడుస్తోంది. ఆవిరి కమ్ముకుని ఉంది. గంజి తొట్టిలో వేరే ఎవరివో పోగులు మునిగి తేలుతున్నాయి.

"గిది నా నంబర్," అంది అత్త, ఆఫీసు ప్రింటరు దగ్గర తీసుకున్న చీటీ చూపిస్తూ.

"గిది గూడ గదే నంబరమ్మా," మాస్టరు మేకుకు గుచ్చిన ఇంకో చీటీ తీసి చూపించాడు. "ఈయన చీటీ నిన్ననే వచ్చింది."

జరిగింది నాకు అక్కడికక్కడే అర్థమైంది. ఆ పెద్దమనిషి నిన్న పొద్దున్నే, నా చీపురు లేవకముందు బటన్ నొక్కాడు. వరుస పట్టుకుంది, దారం చూసింది, చీటీ పోయింది. మూడో ధన్యవాదం దగ్గర యూపీఎస్ కూసింది, కిటికీ మూశాడు, ప్రోగ్రాం పోయింది. ఖాయమని రాయలేదు. నా చీపురు వచ్చి, దిక్కులేని వరుస అనుకుని ఊడ్చేసింది. ఆ ఖాళీని అత్తకు నేనే ఇచ్చాను.

"మామా, కంప్యూటర్ల ఆయనది క్యాన్సల్ అయింది," అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో నోట్లోంచి వచ్చాకే తెలిసింది. "ఆపరాదా?"

మాస్టరు నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"ఆపుమంటవా? ఆపుత. దారం గంజిల ఉన్నది బిడ్డా. మిషన్ ఆపితె గీ డబ్బాల మీద ఉన్నది మాడుతది, తొట్టిల ఉన్నది ఎండి కట్టెలెక్కైతది. ఆయన బీము పాయె, నీ అత్తకు రాకపాయె, నేను పొద్దుమూకెదాంక డబ్బాలు గోక్కుంట కూసోవాలె." ఆవిరిలోకి తిరిగి వాల్వు సరిచేశాడు. "దారం ఇంకా కోన్ల మీద ఉన్నప్పుడు వద్దను, ఎత్తి పక్కకు పెడ్త, నీకూ నాకూ లడాయి లేదు. గంజిల మునిగినంక మాత్రం ఆ సేటు పోయినా, సచ్చినా, నేను బీము దించే ఆపుత. గింత ఎరుక లేదా నీ కంప్యూటర్‌కు?"

లేదు మామా. దాన్ని చేసినదానికే లేకపాయె.

అత్త టెంపో మీది దారం మళ్లీ గోదాములో దింపించింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "బేస్తారం ఒక్కటే ఉన్నది," అని మాత్రం అంది.

ఆ మధ్యాహ్నం నుంచి నా బుర్రలో గంజి తొట్టి తప్ప ఇంకేం లేదు. చీటీ పంపడమే మా ప్రోగ్రాంలో గంజి. చీటీ పోకముందు మనిషి వెళ్లిపోతే, వరుస వదిలేసి ఊరుకోవాలి. చీటీ పోయాక వెళ్లిపోతే, ఎవరూ వినకపోయినా ఖాయమని రాసి పని ముగించాలి. వెళ్లినవాడు దారం నంబరు తప్పు పడి వెళ్లాడా, కరెంటు పోయి వెళ్లాడా, భార్య పిలిచి వెళ్లాడా, సర్వర్‌కు ఎప్పటికీ తెలియదు. అన్ని వెళ్లిపోవడాలూ దానికి ఒకటే. నిజంగా వద్దనుకున్నవాడు వద్దని చెప్పడానికి వేరే బటన్ ఉండాలి. అలిగి లేచిపోవడాన్ని ఎవరూ అర్జీగా తీసుకోరు, మా ఇళ్లలో కూడా.

రెండో సగం తేలికైనదే. "వినేవాళ్లు పోయినా పట్టించుకోకు, పని చెయ్యి" అని చెప్పే మాట ఒకటి ఆ భాషలో ఉందని కేఫ్‌లో వెతికితే దొరికింది. మొదటి సగం దగ్గరే ఆగిపోయాను. మధ్యలో ఎక్కడ పోయినా వరుస వదలాలంటే ఆ వదిలే పని ఎక్కడ రాయాలి? చివర రాస్తే చివరిదాకా ప్రాణం ఉండాలి. ప్రతి మెట్టు మీదా రాస్తే ఒకటి తప్పకుండా మర్చిపోతాను. నా సంగతి నాకు తెలుసు.

గురువారం పొద్దున పూజకు కూర్చున్నాను. పసుపు గణపతిని చేసి, తమలపాకు మీద పెట్టి, ఆవాహన చేసి, సగం నామాలు చదివానో లేదో, వీధిలో గ్యాస్ బండి గంట కొట్టింది. ఆ రోజుల్లో గ్యాస్ బండిని వదులుకోవడానికి ఏ భక్తురాలికీ ధైర్యం ఉండేది కాదు. లేచి పరుగెత్తాను. సిలిండరు దొర్లించుకుంటూ వచ్చేసరికి, అమ్మ పీట ముందు వంగి, గణపతిని తమలపాకుతో సహా తూర్పుకు జరిపి, అక్షింతలు వేసి ఉద్వాసన చెప్పేసింది.

"లేస్తే లేచినవ్ గానీ, పిలిచిన దేవున్ని గట్లనే కూసోవెట్టి పోతవా?" అంది అమ్మ. "నువ్వు తిరిగొస్తవో, గ్యాసోనితోని ముచ్చట వెడ్తవో, ఆయనకేం ఎరుక?"

"ఇప్పుడే వస్తుంటి గదనే."

"వచ్చినా రాకున్నా, పంపుడు పంపుడే. పూజ సగంల ఆగొచ్చు. దేవుడు సగంల ఉండొద్దు."

అప్పుడు తట్టింది. లేచిపోయే మనిషి చేతికి ఉద్వాసన అప్పగించడమే నేను చేస్తున్న తప్పు. పిలిచిన క్షణంలోనే, పంపే పనిని ఇంకొకరికి అప్పజెప్పి ఉంచాలి. వరుస పట్టకముందే ఆ అప్పగింత అయిపోవాలి. ప్రోగ్రాం చక్కగా ముగిసినా, మధ్యలో చచ్చినా, చివరగా లేచి చేయవలసిన పనిని ముందే చెప్పి ఉంచే ఏర్పాటు ఆ భాషలో ఉండనే ఉంది. చదివాను కూడా. ఎందుకు పనికొస్తుందో తెలియక పేజీ తిప్పేశాను. సిలిండరు అమ్మకు వదిలేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మిగిలిన నామాలు లోపలే చదువుకున్నాను. ఆ దేవుడు అర్థం చేసుకునేవాడే.

పదకొండు గంటలకల్లా మార్చేశాను. ముందు అప్పగింత, తర్వాత వరుస పట్టడం. దారం చూడడం. చీటీ పంపే ముందు ఒక చుక్క పంపి, మనిషి ఉన్నాడా అని చూడడం. లేకపోతే అక్కడే విరమణ, పట్టు వదలడం. ఉంటే, ఇక ఎవరున్నా లేకపోయినా చీటీ, ఖాయం రెండూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో నోరు తెరవకుండా. ధన్యవాదాలు అన్నిటికంటే ఆఖరున, ఒకే ఒక్కసారి. ప్రతి అర్జీకి ఒక గుర్తు పెట్టి, అదే మనిషి తిరిగి వచ్చి మళ్లీ నొక్కితే కొత్త వరుస ఇవ్వకుండా, నీది ఫలానా వరుస అయిపోయింది అని చూపించేట్టు చేశాను. చీపురును పారేయలేదు, సర్వరే కూలిపోయే రోజు ఒకటి వస్తుంది కదా. చీటీ పోయిన వరుసను ముట్టుకోకూడదని దానికి బుద్ధి చెప్పాను. ఎర్ర గుర్తు నొక్కీ నొక్కీ నా చూపుడువేలు నొప్పెట్టింది. ఒక్క వరుసా చిక్కుకోలేదు.

అత్తకు ఫోన్ చేశాను. "ఇప్పుడు పో. మధ్యాహ్నం వరుస ఒకటి ఖాళీ ఉన్నది."

గంటన్నర తర్వాత ఆమె మా గల్లీలో షేర్ ఆటో దిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒత్తిన," అంది. "ఒత్తి ధన్యవాదం కోసం సూస్తుంటె, గా డబ్బ కీకీ మన్నది. ఆ సైబర్ ఆమె వచ్చి నా చేయి వట్టి గుంజి, బంద్ కరో బంద్ కరో అనుకుంట తనే మూసేసింది. ధన్యవాదం లేదు, గిన్యవాదం లేదు. ఇగ నా రాత గింతే బిడ్డా. సాయంత్రం వానికి పొమ్మని చెప్తా."

మా ఇంట్లో కూడా కరెంటు లేదు. చూసి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నిజం చెప్తే, ఆ క్షణంలో నా ప్రోగ్రాం మీద నాకు నమ్మకం లేదు. చీటీకి ముందు మూసిందా, తర్వాత మూసిందా అన్నదాని మీద ఒక కుటుంబం కాల్హేర్ పోవడమా, ఉండడమా ఆధారపడి ఉంది. ముందు మూసి ఉంటే, నా కొత్త ప్రోగ్రాం ఎంతో శుభ్రంగా, ఎంతో సురక్షితంగా ఆమె వరుసను వదిలేసి ఉంటుంది. దాన్ని ఈపాటికి వేరెవరో పట్టుకుని ఉంటారు. నన్ను తప్పుపట్టడానికి కూడా ఉండదు.

అదే ఆటోలో ఇద్దరం సైజింగ్‌కు పోయాం. నేను మనసులో పెదవి కదపకుండా ఏం చదువుకున్నానో నాకూ దేవుడికీ తెలుసు.

సైజింగ్‌లో జనరేటరు నడుస్తోంది. మాస్టరు మమ్మల్ని చూసి, తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"ఏందమ్మా, గింత తీరుబడిగ వస్తున్నవ్? మీ దారం గోదాముల్నే ఉండె గాబట్టి నేనే ఎత్తిపిచ్చిన. సగం మునిగింది."

అత్తకు అర్థం కాలేదు. "ఎవల్ది?"

"ఇంకెవల్ది? నీదే. చీటీ వచ్చి గంటాయె."

"ఆ సైబర్ ఆమె మూసేసింది గద! ధన్యవాదం రాకముందే మూసేసింది!"

"మూస్తే మూసింది. చీటీకి ఏం ఎరుక?" మేకుకు గుచ్చిన చీటీ వైపు గడ్డంతో చూపించాడు. తర్వాత నా వైపు తిరిగి, "కంప్యూటర్‌కు ఎవలో చెప్పిన్రు గంజి సంగతి," అన్నాడు. అంతకంటే పెద్ద ప్రశంస నాకు ఆ తర్వాత ఎక్కడా దొరకలేదు. బావ మాత్రం నిమ్మకాయ మార్చి కొత్తది కట్టించాడు.

శుక్రవారం పొద్దున ఆ పనివాడు కాల్హేర్ పోనే పోయాడు. మాట ఇచ్చాడు కాబట్టి పోయి, గోదాములో నిలబడి చూసి వచ్చాడట. బీములు దిగాయని అత్త అతను ఉండే ఖోలీకి పోయి చెబితే, "సరే, గీ బీములు ఆడనియ్యి అక్కా, సూద్దాం," అన్నాడట. ఉంటానని అనలేదు.

శనివారం నేను గైబీ నగర్ పోయాను. అత్త చెప్పుల్లోనే నిలబడి ఉంది, మూలన మంచం మీద మామయ్య దగ్గుతున్నాడు. ఆ మనిషి సాంచా వెనక ముక్కాలిపీట మీద కూర్చుని, పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. రెండు వేళ్ల మధ్య బూడిద అద్దుకుంటూ, మెలిపెడుతూ, తలెత్తకుండా. వేల పోగులు. ఉంటావా అని అడగడానికి అత్తకు ధైర్యం లేదు. నాకసలే లేదు.

చివరికి అతనే అడిగాడు, పోగు మీంచి చూపు తీయకుండానే.

"అక్కా, దీని తర్వాత బీముకు నంబర్ వెట్టిన్రా?"

అత్త నా వైపు కూడా చూడలేదు. "గిప్పుడే పోతున్న," అంటూ సైబర్ కేఫ్ వైపు గబగబా నడిచింది.